చెమటపట్టిన టిక్కీలు

జూన్ 14

చెన్నై క్లియరింగ్ ఏజెంటు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఆర్నెల్లుగా డ్రాయర్లో పడి ఉంది. ఇవాళ తీశాను. ఎవరికీ చూపించడానికి కాదు. నా భార్య హెలెన్‌తో ఆఫీసు సంగతులు మాట్లాడితే స్కూలు పిల్లల నోట్సులు దిద్దుకుంటూ ఊ కొడుతుంది. ఆఫీసులో మాట్లాడితే ఆ మాట సాయంత్రానికి మేడ మీద ఎండీ గదికి చేరుతుంది.

సప్లై చైన్ హెడ్ పోస్టు మళ్ళీ ఖాళీ అయింది. హైదరాబాదాయన పదకొండు నెలలు ఉండి వెళ్ళిపోయాడు. అంతకుముందు పుణె ఆయన ఎనిమిది నెలలున్నాడు. వచ్చిన ప్రతివాడూ బోర్డు మీద బాణాలు గీస్తాడు. రైతు, యార్డు, కోల్డ్ స్టోరేజీ, కంటైనరు, ఓడ. బాణాలు బాగానే ఉంటాయి. వాన పడితే ఏ బాణం ఎక్కడ తెగుతుందో మాత్రం నన్ను అడుగుతారు. నేను చెప్తాను. అది వాళ్ళ పేరుతో రిపోర్టులోకి ఎక్కుతుంది.

ఈ మిరప ఎగుమతి కంపెనీలో ఇరవై ఏడేళ్ళు. ఏ గదిలో ఏ మూల చల్లదనం సరిగ్గా అందదో, చెన్నై పోర్టు గేటు దగ్గర ఏ రోజు లారీలు ఎంతసేపు నిలబడతాయో, గుంటూరు తేజా మిరపకీ అద్దంకి నల్లరేగడి తేజాకీ తేడా ఏమిటో నాకు తెలుసు. డిస్పాచ్ మేనేజర్ అనే బోర్డు మాత్రం పద్నాలుగేళ్ళుగా అదే.

ఇవాళ ఎండీ చైతన్యకృష్ణ గారు పిలిచి, "ఈసారి బయటివాళ్ళు వద్దనుకుంటున్నాను ప్రకాష్ గారూ. ఈ సీజన్ ఎలా నడిపిస్తారో చూద్దాం," అన్నారు.

మా నాన్న బుల్లయ్య ఈ కోల్డ్ స్టోరేజీలోనే టిక్కీలు, అంటే మిరప బస్తాలు, మోశాడు. మిరప ఘాటుకి ఆయన చనిపోయేదాకా మెడ వెనక చర్మం ఎర్రగానే ఉండేది. అదే ఆవరణలో నేను ఏసీ గదిలో కూర్చుంటే చూడాలని ఉంది. ఎవరు చూడాలి? ఆయన లేడు. నేనే చూడాలి.

జూన్ 19

సిద్దికా ఇవాళ ఒక లాట్ ఆపేసింది. మీటరు తేమ పదకొండు శాతమే చూపించింది. "మీటరు పైపైన చూస్తోంది సార్, మధ్యలో ముక్కిన వాసనుంది," అంది. టిక్కీ విప్పించాను. మధ్యలో గుప్పెడు కాయలు మెత్తబడి ఉన్నాయి.

ఈ పిల్లని నేనే తెచ్చాను. మా పాత లారీ డ్రైవరు అలీ సాహెబ్ కూతురు. బీఎస్సీ చదివి పెదకాకానిలో ఇంట్లో ఉంటే, క్వాలిటీలో వేయించాను. టిక్కీలో మోచేతి దాకా చెయ్యి పెట్టి తేమ ఎలా పసిగట్టాలో నేనే చూపించాను. నాలుగేళ్ళలో నన్ను దాటేసింది. ఆఫీసులో సార్ అంటుంది, బయట అంకుల్ అంటుంది.

నేను హెడ్ అయితే డిస్పాచ్ ఈ పిల్లకే ఇస్తాను. ఆ మాట ఇంకా చెప్పలేదు.

జూన్ 26

మలేషియా ఆర్డరు. ఆరు కంటైనర్లు. మధ్యాహ్నం నుంచి చల్ల గదుల్లోంచి టిక్కీలు తీయిస్తున్నాం. ఆ ఓడకి పోర్టు గేటు ముప్ఫయ్యో తారీఖు మూస్తారు. రెండ్రోజులు షెడ్డులో ఆరనిచ్చి ఇరవై ఎనిమిది సాయంత్రం లోడ్ చేస్తే హాయిగా సరిపోతుంది.

సాయంత్రం ఆరున్నరకి మెయిల్. ఓడ బయల్దేరడం రెండ్రోజులు ముందుకు జరిగింది. గేటు ఇరవై ఎనిమిది సాయంత్రానికే మూత.

ఎండీ గారు ఫోన్ చేశారు. "ఈ ఓడ తప్పితే బయ్యరు పోతాడు. ఎలా చేస్తారో నేను అడగను. మీరే చూడాలి."

చూస్తాను అన్నాను.

జూన్ 27

ఆరు కంటైనర్లూ సాయంత్రం నాలుగుకల్లా మా గేటు దాటాయి.

జూన్ 28

పోర్టు గేటు మూయడానికి రెండు గంటల ముందు లోపలికి వెళ్ళాయి. చెన్నై ఏజెంటు ఫోన్ చేసి, "ప్రకాష్ సార్, మీరు తప్ప ఇంకెవరూ చేయలేరు ఇది," అన్నాడు. ప్రతివాడితోనూ అలాగే అంటాడు. అయినా బాగుంది వినడానికి.

టిక్కీలు కాస్త చల్లగానే ఉన్నాయి. అది నాకూ తెలుసు. చల్ల గదిలోంచి ఎండలోకి తెస్తే టిక్కీకి చెమట పడుతుంది, గ్లాసు మంచినీళ్ళకి పట్టినట్టే. ఆ చెమట ఆరాలి. కానీ నిన్న గాలి బాగానే వీచింది. ఒక పూటంతా షెడ్డులో ఉన్నాయి కదా.

నిన్న సిద్దికా రిజిస్టర్లో ఏదో రాసింది. ఆ పిల్ల ఎప్పుడూ ఏదో ఒకటి రాస్తుంది. నేను కింద సంతకం చేశాను. రోజూ జరిగేదే.

జూలై 2

ఎండీ గారు అందరికీ మెయిల్ పెట్టారు. "నాయకత్వం అంటే ఇది" అని సబ్జెక్టు. నా పేరు రెండుసార్లు ఉంది. హెలెన్‌కి చదివి వినిపించాను. "మంచిది," అని, "రాత్రి సరిగా నిద్రపోవడం లేదు మీరు, ఎందుకు?" అంది.

ఎండాకాలం ఇంకా పోలేదు కదా అన్నాను.

జూలై 15

ఆరింట్లో నాలుగు కంటైనర్లు వెనక్కి కొట్టేశారు. బూజు. తలుపు తీయగానే వాసన బయటికి కొట్టిందట. ఫొటోలు పంపారు. ఎర్రటి కాయల మీద తెల్లగా, పిండి చల్లినట్టు.

మధ్యాహ్నం అన్నం తినలేదు. క్యారేజీ అలాగే తిరిగొచ్చింది.

ఎండీ గారు ఒక్క మాటే అన్నారు. "లోడ్ చేసిన రోజు రిజిస్టరు కావాలి. రేపు ఆడిటర్ వస్తాడు."

జూలై 16

రిజిస్టర్లో నలభై మూడో పేజీ లేదట.

జూలై 17

పాత రిజిస్టరు. కుట్టు వదులైపోయింది. అది ఉండే గదికి తాళం వేయరు. ఎవరైనా వెళ్తారు, ఎవరైనా వస్తారు. ఆ గదికి తాళం వేయించాలని నేను రెండేళ్ళ నుంచి చెప్తూనే ఉన్నాను.

జూలై 19

మేడ మీద ఎంక్వైరీ. ఎండీ గారు, బయటినుంచి వచ్చిన ఆడిటరు, నేను, సిద్దికా. గుర్తున్నంత వరకు రాస్తాను.

ఆడిటరు సిద్దికాని అడిగాడు. "లోడింగ్ రోజు తేమ ఎంతుంది?"

"పద్నాలుగున్నర సార్. కొన్నింట్లో పదిహేను. గోతాం పట్టుకుంటే చెయ్యి తడిసింది. 'చెమట ఆరలేదు, లోడ్ చేయకూడదు' అని రిజిస్టర్లో రాశాను."

"ఆ పేజీ లేదు కదమ్మా."

"నేను రాసినప్పుడు ఉంది సార్."

"ఎవరికి చూపించారు?"

సిద్దికా నా వైపు చూసింది. కోపంగా కాదు. నేను నోరు తెరిస్తే అయిపోతుంది అన్నట్టు, తేలిగ్గా చూసింది.

"ప్రకాష్ సార్‌కి చూపించాను. సార్ చదివి కింద 'లోడ్ చేయండి' అని రాసి సంతకం పెట్టారు."

ఆడిటరు నా వైపు తిరిగాడు. ఎండీ గారు మాత్రం పెన్ను మూత చూస్తూ ఉన్నారు.

"ఆ రోజు ఆరు కంటైనర్లు సార్," అన్నాను. "వందల కాగితాల మీద సంతకాలు చేశాను. అలాంటి నోట్ నా దగ్గరికి వచ్చినట్టు నాకు గుర్తు లేదు. వచ్చి ఉంటే ఆపేవాణ్ణి. ఆపడం నా పని."

నేను అబద్ధం చెప్పలేదు. గుర్తు లేదన్నాను.

సిద్దికా "అంకుల్" అంది. ఆఫీసులో ఆ పిల్ల అలా పిలవడం అదే మొదటిసారి. ఆడిటరు ఇంకో రెండు ప్రశ్నలు అడిగితే తల మాత్రం ఊపింది.

జూలై 20

సిద్దికాని తీసేశారు. నిర్లక్ష్యం అని రాశారు. ఆ కాగితం మీద డిపార్టుమెంటు తరఫున నా సంతకం కావాలన్నారు.

జూలై 21

ఆదివారం. చర్చి నుంచి వచ్చేసరికి అలీ సాహెబ్ మా గుమ్మం ముందు కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళు అరిగిపోయాక లారీ మానేశాడు. పెదకాకాని నుంచి బస్సులో వచ్చాడట. నేను కంగారుపడ్డాను. తిట్టడానికి వచ్చాడనుకున్నాను.

"ప్రకాషూ, పిల్ల అన్నం తినడం లేదు," అన్నాడు. "ఏం జరిగిందంటే చెప్పడం లేదు. ప్రకాష్ అంకుల్‌ని అడుగు అంటుంది. నువ్వున్నావని ధైర్యం నాకు. నువ్వు గట్టిగా చెప్పి ఉంటే తీసేసేవాళ్ళు కాదేమో. చెప్పలేకపోయావా?"

"పైవాళ్ళ నిర్ణయం సాహెబ్. నా చేతుల్లో లేదు."

"ఊ. నీ చేతుల్లో ఉంటే నువ్వెందుకు వదిలేస్తావు," అన్నాడు. హెలెన్ టీ ఇచ్చింది. తాగి, నా భుజం మీద చెయ్యేసి, నన్నే ఓదార్చి వెళ్ళాడు.

హెలెన్ గ్లాసు తీస్తూ అడిగింది, "ఆ పిల్ల మిమ్మల్ని అడగమని ఎందుకంది?"

ఏమో అన్నాను.

ఆగస్టు 1

సప్లై చైన్ హెడ్. ఇవాళ్టి నుంచి.

ఆగస్టు 3

గది మేడ మీద. కిటికీలోంచి లోడింగ్ ప్లాట్‌ఫారం మొత్తం కనపడుతుంది. మూటలెత్తే ముఠా వాళ్ళు చిన్నగా కనపడతారు. నేను కిందికి చూస్తే ఎవరూ పైకి చూడరు.

ఎండీ గారి పెద్దమ్మాయి పువ్వుల బొకే ఇచ్చింది. క్లాసులో ఏదో రాయాలట, "లాజిస్టిక్స్ అంటే ఏంటి అంకుల్?" అని అడిగింది. సరైన వస్తువు, సరైన సమయానికి, సరైన చోటికి చేర్చడం అని చెప్పాను. రాసుకుంది. అంకుల్ అనే మాట వింటే ఈమధ్య చేస్తున్న పని ఆగిపోతోంది.

ఆగస్టు 9

పీరుతో గొడవ. గొడవ అనకూడదు, వాడు గొంతెత్తలేదు. పీరు మా ముఠా మేస్త్రీ. పన్నెండు మంది హమాలీలు వాడి మాట మీద నడుస్తారు. ఇరవయ్యేళ్ళుగా నన్ను ప్రకాషన్నా అంటాడు. నెల రోజుల నుంచి సార్ అంటున్నాడు.

కిందికి దిగి అడిగాను. "ఏరా పీరూ, నాకు కొమ్ములొచ్చాయా? ఈ సార్ ఏంటి కొత్తగా?"

వాడు తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

"ఆ రోజు ఆ పిల్ల మీకు ప్లాట్‌ఫారం మీదే చెప్పింది సార్. టిక్కీ చూపించింది. మీరు గోతాం మీద చెయ్యేసి, ప్యాంటుకి తుడుచుకుని, దారిలో ఆరిపోతాయిలే, ఎత్తండి అన్నారు. మా భుజాలు తడిసిపోయాయి సార్ ఆ రోజు. తడిసిన చోట మిరపఘాటు దిగి వారం రోజులు మండింది."

"మరి ఎంక్వైరీలో చెప్పలేకపోయారా?"

"మేం పన్నెండు మందిమి విన్నాం. మమ్మల్ని ఎవరూ అడగలేదు సార్. అడగాల్సింది ఎవరు? మీరే కదా మా ఆఫీసరు."

నేను పైకి వచ్చేశాను. మూసిన కంటైనర్లో ఏదీ ఆరదు. లోపల్లోపలే ఉడికిపోతుంది. ఆ సంగతి ఇరవై ఏడేళ్ళ నుంచి కొత్తగా చేరిన ప్రతివాడికీ నేనే చెప్తున్నాను.

ఆగస్టు 10

పీరు ముఠాని వేరే యూనిట్‌కి మార్చాలని ఆలోచించాను. మార్చలేదు. మార్చలేదని ఇక్కడ రాసుకుంటున్నాను.

ఆగస్టు 18

ఈ డైరీ నేను ఒక్కణ్ణే చదువుతాను. ఇందులో కూడా నాటకం ఎందుకు?

జూలై పదహారు పొద్దున ఏడున్నరకి వెళ్ళాను. ఎవరూ రాలేదు. రిజిస్టరు తీసి నలభై మూడో పేజీ చూశాను. సిద్దికా గుండ్రటి అక్షరాలు. లాట్ నంబర్లు, తేమ లెక్కలు, కింద "చెమట ఆరలేదు. లోడ్ చేయకూడదు." దాని కింద నా రాత. "పరవాలేదు. లోడ్ చేయండి." సంతకం. తారీఖు. టైము కూడా వేశాను, పదిన్నర అని. అంత పద్ధతిగా.

చించాను. కుట్టు వదులైపోలేదు. గట్టిగానే ఉంది. రెండు చేతులూ పెట్టాల్సి వచ్చింది.

జేబులో పెట్టుకుంటే బయటికి కనపడుతుందని మడిచి క్యారేజీ సంచి అడుగున పెట్టాను. సాయంత్రం ఎక్కడైనా పారేయాలనుకున్నాను. ఇంటికొచ్చేసరికి సంచి హెలెన్ చేతికి వెళ్ళిపోయింది. రెండు రోజుల తర్వాత గుర్తొచ్చి చూస్తే సంచి ఉతికి ఆరేసి ఉంది. కాగితం లేదు. నీళ్ళలో నానిపోయి ఉంటుందనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండింది.

ఇవాళ చర్చి నుంచి వచ్చాక హెలెన్ బీరువాలోంచి బైబిలు తీసింది. అందులోంచి ఆ కాగితం తీసి భోజనాల బల్ల మీద పెట్టింది. ఇస్త్రీ చేసినట్టు సాపుగా ఉంది.

"సంచి ఉతకబోతే దొరికింది," అంది. "అప్పుడు ఏంటో అర్థం కాలేదు. అలీ సాహెబ్ వచ్చి వెళ్ళాక అర్థమైంది. మీరే చెప్తారని ఇన్నాళ్ళు చూశాను."

నేను కాగితం మీద నా సంతకం చూస్తూ ఉన్నాను.

"మీకు పోస్టు వచ్చిందని మా స్టాఫ్‌రూములో స్వీట్లు పంచాను నేను. ఆ స్వీట్లు కొంటున్నప్పుడు కూడా నాకు తెలుసు. నేనూ మీలాంటిదాన్నే అయిపోయాను. దీన్ని ఏం చేస్తారో మీ ఇష్టం. ఇంట్లో మాత్రం వద్దు."

సెప్టెంబరు 14

ఎగుమతిదారుల సంఘం వాళ్ళు అవార్డు ఇచ్చారు. లాజిస్టిక్స్ రంగంలో ఉత్తమ నాయకత్వం. లక్ష్మీపురంలో ఫంక్షన్ హాలు. శాలువా, గాజు జ్ఞాపిక. ఆ నాలుగు కంటైనర్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. సంక్షోభాన్ని ఎదుర్కొన్న తీరు అన్నారు.

మేనేజ్‌మెంట్ కాలేజీ పిల్లల్ని తీసుకొచ్చారు. ఒకమ్మాయి లేచి, "సార్, కింద పనిచేసేవాళ్ళు మిమ్మల్ని నమ్మాలంటే ఏం చేయాలి?" అని అడిగింది.

"వాళ్ళు చేసిన తప్పుకి కూడా మనం నిలబడాలి," అన్నాను. చప్పట్లు చాలాసేపు కొట్టారు.

హెలెన్ రాలేదు. స్కూల్లో పరీక్షలని అందరికీ చెప్పాను. శనివారం మధ్యాహ్నం ఏం పరీక్షలు?

అక్టోబరు 19

అద్దంకి వెళ్ళాను. సిద్దికా అక్కడ పత్తి మిల్లులో చేస్తోంది. మేనత్త మదార్‌బీ ఇంట్లో ఉంటోందట. గుంటూరులో ఏ మిరప కంపెనీ కూడా తీసుకోలేదు. ఎందుకు తీసేశారని పాత ఆఫీసుకి ఫోన్ చేస్తారు. ఆ ఫోను ఎత్తేది నా కింద మనిషే.

మిల్లు ఆవరణ నిండా పత్తి ట్రాక్టర్లు. సిద్దికా పత్తి నింపిన బోరెం గోతాంలో చెయ్యి పెట్టి చూస్తోంది. జుట్టు మీద, కనుబొమల మీద దూది. నన్ను చూసి చెయ్యి బయటికి తీసింది.

"చెప్పండి సార్."

గుంటూరులో ఆహార పరీక్షల ల్యాబ్‌లో ఖాళీ ఉందని, నా పేరు మీద సిఫారసు ఉత్తరం తెచ్చానని చెప్పాను. కవరు అందించాను. తీసుకోలేదు.

"అక్కడికి అప్పుడే అప్లై చేశాను సార్. ఇంటర్వ్యూలో అన్నీ చెప్పాను. నిర్లక్ష్యం అని రాసిన కాగితం ఉంటే కుదరదన్నారు. మీ ఉత్తరంలో ఏముంది? కష్టపడే పిల్ల అని రాశారా?"

అదే రాశాను.

"ఆ పేజీ మీరే చించారా సార్?"

ట్రాక్టరొకటి వెనక్కి వస్తుంటే ఇద్దరం పక్కకి జరిగాం. డ్రైవరు ఏదో అరుస్తున్నాడు. ఆ చప్పుడు ఆగాక చెప్పొచ్చు. ఆగింది కూడా.

"నాకు తెలియదమ్మా," అన్నాను.

"సరే సార్. జాగ్రత్తగా వెళ్ళండి," అని మళ్ళీ బోరెంలో చెయ్యి పెట్టింది.

కాగితం ఆ పూట నా జేబులోనే ఉంది.

అక్టోబరు 22

ఎండీ గారి దగ్గరికి వెళ్ళాను. తలుపు వేసి, కాగితం బల్ల మీద పెట్టి మొత్తం చెప్పాను. ఎక్కడా తగ్గించలేదు. సిద్దికాని వెనక్కి తీసుకోండి, కనీసం నిర్లక్ష్యం అన్న మాట కొట్టేసి ఉత్తరం ఇవ్వండి, నన్ను ఏం చేసినా సరే అన్నాను.

ఆయన కాగితం చదవలేదు. అసలు చేతిలోకి కూడా తీసుకోలేదు.

"కూర్చోండి ప్రకాష్ గారూ. రిజిస్టరు గదిలో కెమెరా ఉంది. సరుకు దొంగతనాలు అవుతున్నాయని మీరే పెట్టించారు కదా. జూలై పదహారు సాయంత్రమే చూశాను నేను."

కూర్చున్నాను. ఆ కెమెరా ఎప్పుడో పాడైందనుకున్నాను నేను.

"చూశాకే మీ పేరు ఖాయం చేశాను. అప్పటిదాకా నాకు అనుమానంగా ఉండేది. మీరు మంచివారు, పని తెలిసినవారు. కానీ కష్టం వస్తే కంపెనీ వైపు నిలబడతారా, కింద ఉన్న పాత స్నేహితుల వైపు నిలబడతారా తెలియదు. ఆ రోజు తెలిసింది. హైదరాబాదాయనకీ పుణె ఆయనకీ లేనిది అదే."

అప్పుడు కాగితం తీసుకున్నారు. సొరుగులో పెట్టి తాళం వేశారు. "ఇది ఇక్కడ ఉంటుంది. మీకూ మంచిది, నాకూ మంచిది. నవంబరు షెడ్యూలు ఎప్పుడిస్తారు?"

శుక్రవారం ఇస్తానన్నాను.

ఇరవై ఏడేళ్ళ అనుభవం చూసి పోస్టు ఇచ్చారనుకున్నాను.

ఇంటికొచ్చాక హెలెన్ అడిగింది. "కాగితం ఇచ్చేశారా?"

"ఇచ్చేశాను."

ఆవిడ సిద్దికాకి ఇచ్చాననుకుంది. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. రెండు నెలల తర్వాత ఇద్దరం కలిసి అన్నం తిన్నాం. ఆవిడ అనుకున్నది నేను దిద్దలేదు.

అక్టోబరు 27

చర్చిలో హెలెన్ నా పక్కనే కూర్చుంది. పాట పాడుతూ నా చెయ్యి పట్టుకుంది. వచ్చే ఆదివారం అద్దంకి వెళ్ళి ఆ పిల్లని చూసొద్దాం అంది. సరే అన్నాను.

అక్టోబరు 31

ఆదివారం చెన్నైలో మీటింగ్ ఉందని చెప్పాలనుకున్నాను. నోటిదాకా వచ్చింది.

నవంబరు 3

అద్దంకి నుంచి వచ్చి కూర్చున్నాను. ఇంకా వెలుతురుంది.

చిలకలూరిపేట దాటాక కారు పక్కన ఆపాను. హెలెన్ ఒళ్ళో పులిహోర గిన్నె ఉంది. కాగితం సిద్దికాకి ఇవ్వలేదు, ఎండీకి ఇచ్చాను అని చెప్పాను. ఆయన అన్న మాటలు కూడా చెప్పాను. హెలెన్ కిటికీలోంచి పత్తి చేలవైపు చాలాసేపు చూసింది. వెనక్కి తిప్పమంటుందనుకున్నాను.

"కారు పోనివ్వండి," అంది. "ఆ పిల్ల ముందు చెప్పండి."

ఆదివారమని అలీ సాహెబ్ కూడా పెదకాకాని నుంచి వచ్చి ఉన్నాడు. మదార్‌బీ మంచం వాల్చింది. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. "సిద్దికా, పేజీ నేనే చించాను. నీ నోట్ చదివే లోడ్ చేయమన్నాను. మొన్న నిన్ను చూసినప్పుడు అది నా జేబులో ఉంది. ఇప్పుడు ఎండీ దగ్గర ఉంది. నా చేతిలో ఏమీ లేదు."

అలీ సాహెబ్ మొహం వంక చూడలేకపోయాను. ఆయన లేచాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నెమ్మదిగా లేచి, నా పక్కనుంచే బయటికి వెళ్ళిపోయాడు. ఆ రోజు మా గుమ్మంలో నా భుజం మీద చెయ్యి వేసిన మనిషి.

సిద్దికా లోపలికి వెళ్ళి తెల్ల కాగితం, పెన్ను తెచ్చింది. "ఇప్పుడు చెప్పింది రాయండి సార్."

రాశాను. ఆ పిల్ల పక్కన నిలబడి చూసింది. ఒకచోట "నోట్ గమనించకుండా" అని రాశాను. చెయ్యి దానంతటదే అలా రాసింది.

"గమనించకుండా కాదు సార్. చదివి."

కొట్టేసి "చదివి" అని రాశాను. పీరు ముఠాలో పన్నెండు మంది విన్నారని కూడా రాయమంది. ఎండీ గారు కెమెరాలో చూశారన్న మాట కూడా రాయించింది. సంతకం పెట్టాను.

పెన్ను మూత పెట్టేలోపే ఫోనుతో ఫొటో తీసి పంపించేసింది. కంపెనీకి, ఆడిటరుకి, ల్యాబ్ వాళ్ళకి, ఎగుమతిదారుల సంఘానికి. మెయిలు ముందే రాసిపెట్టుకుని ఉంది. జూలై నుంచి ఉందట. జతచేయడానికి కాగితం ఒక్కటే లేదు.

"నన్ను క్షమించమ్మా," అన్నాను.

"అది తర్వాత చూద్దాం సార్," అంది. విసుగ్గా కూడా అనలేదు. "ఆంటీ, మీరు భోంచేసి వెళ్ళండి."

నన్ను అనలేదు. హెలెన్ తినకుండానే లేచింది. పులిహోర గిన్నె మాత్రం అక్కడే వదిలేసింది.

నవంబరు 6

రాజీనామా కాగితం వాళ్ళే టైపు చేయించి పంపారు. అనారోగ్య కారణాల వల్ల అని ఉంది. సంతకం చేశాను. వెబ్‌సైటులో శాలువాతో నా ఫొటో ఇంకా ఉంది. సంఘం వాళ్ళు కూడా అవార్డు వెనక్కి అడగలేదు. అడిగితే ఎందుకిచ్చారో చెప్పాల్సి వస్తుంది.

నా సామాన్లు గేటు దాకా తెచ్చింది పీరు. పెట్టె ఆటోలో పెట్టి, "వస్తా సార్," అని వెళ్ళిపోయాడు.

నవంబరు 13

పొద్దున తొమ్మిదికి స్నానం చేసి, చొక్కా వేసుకుని, ఎక్కడికీ వెళ్ళక్కర్లేదని గుర్తొచ్చి మళ్ళీ విప్పేశాను. హెలెన్ ఆ చొక్కా మళ్ళీ హ్యాంగరుకి తగిలించింది.

నవంబరు 25

కంపెనీ సిద్దికా కాగితం మార్చి ఇచ్చింది. నిర్లక్ష్యం అన్న మాట తీసేశారు. పేపర్లవాళ్ళ దాకా వెళ్తుందని భయపడి ఇచ్చారు గానీ న్యాయమని కాదు. ల్యాబ్‌లో వచ్చే సోమవారం చేరుతుందట. హెలెన్‌కి ఫోన్ చేసి చెప్పింది. ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు. నేను వరండాలో కూర్చుని విన్నాను. హెలెన్ నవ్వు కూడా వినపడింది.

ఫోను పెట్టేశాక, నా గురించి ఏమైనా అడిగిందా అన్నాను.

లేదంది.

కాసేపాగి, వంటింట్లోకి వెళ్ళి మళ్ళీ అడిగాను. హెలెన్ కూర తరగడం ఆపి నా వైపు చూసింది.

"లేదండీ," అంది.